లినక్స్ లాప్‌టాప్ 400 మెగాహెర్ట్జ్ దాటడం లేదా? గవర్నర్ మార్చే ముందు ఇవి చూడండి

లాప్‌టాప్ ఆన్ అవుతుంది, ఉబుంటు లోడ్ అవుతుంది, పాస్‌వర్డ్ కూడా తీసుకుంటుంది. ఆ తర్వాతే అసలు కథ. బ్రౌజర్ తెరిస్తే ట్యాబ్ రావడానికి పది సెకన్లు. టైప్ చేసిన అక్షరం కాసేపటికి గానీ కనిపించదు. యూట్యూబ్ వీడియో ఆగి ఆగి ఆడుతుంది. సిస్టమ్ మానిటర్‌లో చూస్తే ప్రాసెసర్ వంద శాతం బిజీ, వేగం మాత్రం 400 మెగాహెర్ట్జ్. కొన్నప్పుడు 3.4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుందని చెప్పిన ప్రాసెసర్ అది! ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకటే సలహా: గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. మారుస్తారు, రీస్టార్ట్ చేస్తారు, వేగం మళ్లీ అక్కడే ఉంటుంది.

ఇలాంటి లాప్‌టాప్‌లు బంధువుల దగ్గర నుంచి, స్నేహితుల దగ్గర నుంచి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. షాపులో "మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అనిపించుకుని వచ్చినవీ వాటిలో ఉన్నాయి. ఇన్నిటిని చూశాక నేను చెప్పగలిగేది ఇది: ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించేది ఒక్కరు కాదు. ఇంత వేగం కావాలని గవర్నర్ అడుగుతుంది. ఆ మాటను డ్రైవర్ ప్రాసెసర్‌కు చేరవేస్తుంది. మధ్యలో పవర్ ప్రొఫైల్ ఒక హద్దు గీస్తుంది. బయోస్ ఇంకో హద్దు గీస్తుంది. వేడి ఎక్కువైతే ప్రాసెసర్ తనంతట తానే తగ్గుతుంది. ఆఖరికి చార్జర్‌కు కూడా ఇందులో ఓటుంది. వీళ్లలో ఏ ఒక్కరు "వద్దు" అన్నా వేగం అక్కడే ఆగిపోతుంది. కాబట్టి మన పని గవర్నర్‌ను మార్చడం కాదు, వద్దంటున్నది ఎవరో పట్టుకోవడం.

ఒక చిన్న మాట. కింద కమాండ్ల పేర్లన్నీ తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. అడ్మిన్ అనుమతి కావాల్సిన వాటికి ముందు సుడో పెట్టండి.

ముందు సరిగ్గా కొలవండి

ఖాళీగా ఉన్న లాప్‌టాప్‌లో 400 లేదా 800 మెగాహెర్ట్జ్ కనిపిస్తే అది జబ్బు కాదు. పని లేనప్పుడు వేగం తగ్గించుకుని బ్యాటరీ మిగల్చడమే ఫ్రీక్వెన్సీ స్కేలింగ్ ఉద్దేశం. డెస్క్‌టాప్ మీద ఏమీ తెరవకుండా అంకె చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. వేగం ఎప్పుడూ పని పెట్టి కొలవాలి.

దానికి రెండు పరికరాలు కావాలి. మొదటిది స్ట్రెస్-ఎన్‌జీ. ప్రాసెసర్‌కు కావాలని పని పెట్టే చిన్న ప్రోగ్రామ్, దాదాపు అన్ని లినక్స్‌ల ప్యాకేజీల్లోనూ అదే పేరుతో దొరుకుతుంది. రెండోది టర్బోస్టాట్. ఇది ఉబుంటులో లినక్స్-టూల్స్-జెనెరిక్ ప్యాకేజీలో, డెబియన్‌లో లినక్స్-సీపీయూపవర్ ప్యాకేజీలో, ఫెడోరాలో కెర్నెల్-టూల్స్ ప్యాకేజీలో వస్తుంది. మనకు తర్వాత అవసరమయ్యే సీపీయూపవర్ కమాండ్ కూడా వీటితోపాటే వస్తుంది, వేరే వెతుక్కోనక్కర్లేదు.

ఒక టెర్మినల్‌లో సుడో టర్బోస్టాట్ నడపండి. ఇంకో టెర్మినల్ తెరిచి స్ట్రెస్-ఎన్‌జీ --సీపీయూ 0 --టైమవుట్ 60 అని కొట్టండి. ఇక్కడ 0 అంటే సున్నా కోర్లని కాదు, ఉన్న కోర్లన్నీ అని అర్థం. అరవై సెకన్ల పాటు అన్ని కోర్లూ పూర్తిగా పని చేస్తాయి. టర్బోస్టాట్ ప్రతి ఐదు సెకన్లకు ఒకసారి అంకెలు చూపిస్తుంది. అందులో నిలువు వరసలు బోలెడు, చూసి భయపడకండి. మనకు నాలుగు చాలు: బిజీ శాతం, బిజీ మెగాహెర్ట్జ్, ప్యాకేజీ ఉష్ణోగ్రత, ప్యాకేజీ వాట్లు. పక్కనే యావరేజ్ మెగాహెర్ట్జ్ అని ఇంకొకటి ఉంటుంది. అందులో ఖాళీ సమయం కూడా కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేయండి. ప్రాసెసర్ నిజంగా పని చేస్తున్న క్షణాల్లో వేగం ఎంతో చెప్పేది బిజీ మెగాహెర్ట్జ్.

ఉదాహరణకు ఇంటెల్ ఐ5-8250యూ తీసుకుందాం. మన దగ్గర ఇప్పటికీ చాలా ఇళ్లలో నడుస్తున్న ప్రాసెసర్ ఇది. నాలుగు కోర్లు, కనిష్ఠం 400 మెగాహెర్ట్జ్, బేస్ 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.4 వరకు, పవర్ 15 వాట్లు. ఇందులో పని పెట్టగానే వేగం 3 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలకు ఎగిరి, అర నిమిషంలోపు రెండు, రెండున్నర దగ్గర స్థిరపడిందనుకోండి. మీ లాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదు. కాసేపు 15 వాట్ల కంటే ఎక్కువ వాడుకోనిచ్చి, తర్వాత కంపెనీ పెట్టిన పవర్ లిమిట్‌కు దించడం ఇంటెల్ ప్రాసెసర్ల పద్ధతే. బాక్సు మీద ఉండే టర్బో అంకె ఒక్క కోరు, కొద్దిసేపు అందుకునే వేగం. ప్రకటనల్లో ఆ సంగతి చెప్పరు, అంతే.

బిజీ వంద శాతం ఉన్నా వేగం 400 నుంచి 800 మధ్యే పడి ఉంటే మాత్రం ముందుకు చదవండి. ఒకవేళ వేగం బాగానే ఉండి, బిజీ శాతం తక్కువగా ఉండి, అయినా సిస్టమ్ నత్తనడక నడుస్తుంటే అది ప్రాసెసర్ సంగతి కాదు. పాత హార్డ్ డిస్కో, చాలని ర్యామో అయి ఉంటుంది. ఎస్ఎస్‌డీ వేయించండి, మిగతా వ్యాసం మీకు అక్కర్లేదు.

పవర్‌సేవ్ అనే పేరు చూసి మోసపోకండి

ఇప్పుడు సీపీయూపవర్ ఫ్రీక్వెన్సీ-ఇన్ఫో అని కొట్టండి. అరపేజీ సమాచారం వస్తుంది. డ్రైవర్ పేరు, హార్డ్‌వేర్ హద్దులు, ప్రస్తుత పాలసీ, గవర్నర్, చివర్లో బూస్ట్ ఉందా లేదా అన్నది. వీటిని ఒక్కొక్కటిగా చూడాలి.

డ్రైవర్ దగ్గర ఏమీ లేదని వస్తే రెండు అవకాశాలు. మీరు వర్చువల్‌బాక్స్ లాంటి దాంట్లో ఉబుంటు నడుపుతూ ఉండొచ్చు. అలాంటప్పుడు వేగం చూసుకునేది బయట ఉన్న విండోసే, లోపల ఎంత వెతికినా దొరకదు. లేదంటే బయోస్‌లో స్పీడ్‌స్టెప్ ఆఫ్ అయి ఉండొచ్చు.

ఇంటెల్ పీస్టేట్ అని వస్తే, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఈ డ్రైవర్ 2013లో కెర్నెల్ 3.9తో వచ్చింది. దానికి ముందు ఏసీపీఐ-సీపీయూఫ్రెక్ డ్రైవర్ ఉండేది. ఆ పాత డ్రైవర్‌లో పవర్‌సేవ్ గవర్నర్ పెడితే ప్రాసెసర్ నిజంగానే అట్టడుగు వేగంలో కట్టేసినట్టు ఉండిపోతుంది. కొత్త డ్రైవర్‌లోనూ పవర్‌సేవ్ అనే పేరే ఉంచారు కానీ దాని పని పూర్తిగా వేరు. యాక్టివ్ మోడ్‌లో ఇంటెల్ పీస్టేట్‌కు రెండే గవర్నర్లు: పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్. ఇందులో పవర్‌సేవ్ అంటే పనిని బట్టి వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉండమని. పని పడితే అది కూడా టర్బో వరకు వెళ్తుంది. పైగా 2015లో వచ్చిన ఆరో తరం ప్రాసెసర్ల నుంచి ఆ నిర్ణయం చాలావరకు ప్రాసెసర్ లోపలే జరిగిపోతుంది. లినక్స్ ఇచ్చేది ఒక సూచన మాత్రమే: వేగం వైపు మొగ్గాలా, పొదుపు వైపు మొగ్గాలా అని.

అందుకే ఇంటెల్ పీస్టేట్ ఉన్నచోట గవర్నర్ పేరు పవర్‌సేవ్ అని కనిపించినా దోషం దానిది కాదు. దాన్ని పెర్ఫార్మెన్స్‌కి మార్చి, రీస్టార్ట్ తర్వాత కూడా అలాగే ఉండేలా స్క్రిప్ట్ రాసుకునేవాళ్లున్నారు. ఫ్యాన్ మోత, బ్యాటరీ ఖర్చు పెరగడం తప్ప నాకు దానివల్ల పెద్దగా తేడా కనిపించలేదు. డ్రైవర్ ఏసీపీఐ-సీపీయూఫ్రెక్ అయి, గవర్నర్ పవర్‌సేవ్ అయితే మాత్రం దొంగ దొరికినట్టే. షెడ్‌యుటిల్‌కో, ఆన్‌డిమాండ్‌కో మార్చండి.

తర్వాత చూడాల్సింది హద్దులు. హార్డ్‌వేర్ లిమిట్స్ 400 మెగాహెర్ట్జ్ నుంచి 3.40 గిగాహెర్ట్జ్ అని ఉండి, కింద కరెంట్ పాలసీలో పై హద్దు 800 అనో 1.2 అనో ఉందనుకోండి. అంటే ప్రాసెసర్ సిద్ధంగానే ఉంది, లినక్స్‌లోనే ఎవరో తలుపు సగం మూశారు. సుడో సీపీయూపవర్ ఫ్రీక్వెన్సీ-సెట్ -యూ 3.4గిగాహెర్ట్జ్ అని పై హద్దు పెంచి చూడండి. ఇక్కడ గిగాహెర్ట్జ్‌ను జీహెచ్‌జెడ్ అని మూడక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. వేగం పెరిగి, కాసేపటికో రీస్టార్ట్ తర్వాతో మళ్లీ పడిపోతే వెనక ఇంకో ప్రోగ్రామ్ ఉంది. బూస్ట్ దగ్గర యాక్టివ్ నో అని ఉంటే టర్బో ఆఫ్ అయి ఉంది. అయితే టర్బో ఆఫ్ అయినంత మాత్రాన వేగం బేస్ వరకే తగ్గుతుంది, అంటే 1.6. టర్బో ఒక్కటే ఆఫ్ అయితే 400కు పడిపోదు. ఈ తేడా గుర్తుంచుకోండి, చాలా టైమ్ కలిసొస్తుంది.

ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దలు

ఉబుంటులో కుడివైపు పైన నొక్కితే పవర్ మోడ్ అని ఉంటుంది: పెర్ఫార్మెన్స్, బ్యాలెన్స్‌డ్, పవర్ సేవర్. దాని వెనక నడిచేది పవర్ ప్రొఫైల్స్ డీమన్. 2024లో వచ్చిన ఫెడోరా 41 నుంచి అక్కడ ఆ పనిని ట్యూన్‌డ్ అనే ప్రోగ్రామ్ చూస్తోంది. బ్యాటరీ తగ్గగానే గ్నోమ్ దానంతట అదే పవర్ సేవర్‌కు మారే సెట్టింగ్ కూడా ఉంది. ముందు ఇది ఎక్కడుందో చూసుకోండి, ఐదు సెకన్ల పని.

దీనికితోడు చాలామంది బ్యాటరీ ఎక్కువ వస్తుందని టీఎల్‌పీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఇంకొందరు ఆటో-సీపీయూఫ్రెక్ కూడా వేస్తారు. ఇవన్నీ మంచి ప్రోగ్రాములే. కానీ ముగ్గురూ ఒకే బటన్ మీద వేలు పెట్టి, ఒకరు పెంచుతుంటే ఇంకొకరు తగ్గిస్తుంటారు. ఒకటి ఉంచుకుని మిగతావి తీసేయండి. టీఎల్‌పీ ఉంచుకుంటే దాని సెట్టింగ్స్ ఫైల్ తెరిచి, బ్యాటరీ మీద గరిష్ఠ వేగం అన్న లైన్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన అంకె ఉందేమో చూడండి. టీఎల్‌పీ-స్టాట్ -పీ అని కొడితే ప్రస్తుతం ప్రాసెసర్‌కు ఏ హద్దులు అమల్లో ఉన్నాయో చూపిస్తుంది.

పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ అని కొడితే ప్రొఫైళ్ల జాబితా వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ కింద డిగ్రేడెడ్ అని ఒక లైన్ ఉంటుంది. అక్కడ ఎస్ అని ఉండి, పక్కన ల్యాప్-డిటెక్టెడ్ అని కనిపిస్తే నవ్వుకోండి. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో లాప్‌టాప్ ఒళ్లో ఉందని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. మీ కాళ్లు కాలకుండా అది వేగం తగ్గిస్తుంది. టేబుల్ మీద పెడితే సరి.

అంకెలు చెప్పే అసలు సాక్ష్యం

సాఫ్ట్‌వేర్ వైపు అన్నీ బాగానే ఉన్నా వేగం రాకపోతే మళ్లీ టర్బోస్టాట్ దగ్గరికి రండి. ఈసారి ఉష్ణోగ్రత, వాట్లు చూడండి.

పని పెట్టగానే వేగం బాగా ఎగిరి, ఉష్ణోగ్రత 95 దాటి, తర్వాత వేగం కిందికి జారిపోతుంటే అది వేడి సమస్య. ఐ5-8250యూకు తట్టుకోగల గరిష్ఠ వేడి 100 డిగ్రీలు. అక్కడికి చేరేలోపు అదే తగ్గుతుంది. కెర్నెల్ సందేశాల్లో, అంటే సుడో డీమెసేజ్‌లో, ఉష్ణోగ్రత హద్దు దాటింది, క్లాక్ తగ్గించాం అన్న లైన్లు కూడా కనిపిస్తాయి. డీమెసేజ్‌ను డీఎంఈఎస్‌జీ అని ఐదక్షరాల్లో కొట్టాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గదిలోనే నలభై డిగ్రీలుంటే, పరుపు మీద పెట్టిన లాప్‌టాప్‌కు గాలి ఎక్కడిది? ఫ్యాన్ విప్పించి దుమ్ము తీయించండి. నాలుగైదేళ్లు దాటితే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు కొత్త లాప్‌టాప్ ముందు ఏ మూలకూ రాదు.

ఉష్ణోగ్రత 45 డిగ్రీలు, వాట్లు రెండో మూడో, బిజీ వంద శాతం, వేగం మాత్రం 400. ఇదీ వింత కేసు. ప్రాసెసర్ చల్లగా ఉంది, లినక్స్ హద్దులు పైకే ఉన్నాయి, పనేమో గుట్టగా పేరుకుంది, అయినా అది కదలదు. అంటే బయటి నుంచి ఎవరో గొంతు పట్టుకున్నారు. షాపువాళ్లు మదర్‌బోర్డు అని చేతులెత్తేసేది ఎక్కువగా ఇక్కడే.

మా బాబాయి కొడుకు లాప్‌టాప్ అచ్చంగా ఇలాంటిదే. బీటెక్ ఆఖరి సంవత్సరం, పది రోజుల్లో ప్రాజెక్ట్ సబ్మిషన్. వాడి కోడ్ ఒకసారి కంపైల్ కావడానికి అరగంట పడుతోంది. విండోస్ వల్లే స్లో అయిందని ఎవరో చెబితే ఉబుంటు వేసుకున్నాడు, దాంట్లోనూ అంతే. షాపులో మదర్‌బోర్డు అన్నారు. బాబాయి అప్పటికే కొత్త లాప్‌టాప్‌కు ఈఎంఐ లెక్కలు వేసుకుంటున్నాడు. ఫోన్‌లో నేను అడిగింది ఒక్కటే.

"ఒరేయ్, చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూశావా?"

"బ్యాటరీ గంటన్నరే వస్తుంది అన్నయ్యా, అందుకే ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచుతా."

"ఒక్కసారి పీకు. టర్బోస్టాట్ చూస్తూ పీకు."

పీకాడు. అయిదు సెకన్లలో 400 కాస్తా 2900 అయింది. మళ్లీ పెట్టించాను, 400. మూడుసార్లు చేయించాను, మూడుసార్లూ అంతే. ఏడాది క్రితం అసలు చార్జర్ పోతే బజారులో చవకగా దొరికిన డూప్లికేట్ కొన్నాడట. అది బ్యాటరీని చార్జ్ చేయకపోవడం కూడా గమనించాడు కానీ బ్యాటరీ పాతబడింది అనుకున్నాడు. సరైన వాట్ల అసలు చార్జర్ తెప్పించారు. ప్రాజెక్ట్ అదే లాప్‌టాప్‌లో పూర్తయింది.

చార్జర్‌కూ ప్రాసెసర్‌కూ సంబంధం ఏమిటి?

డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీల గుండ్రటి చార్జర్ పిన్ను లోపలికి చూడండి. మధ్యలో సన్నటి సూది లాంటిది ఉంటుంది. కరెంట్ వచ్చేది దాని గుండా కాదు. తాను ఎవరో, ఎన్ని వాట్లు ఇవ్వగలదో చార్జర్ లాప్‌టాప్‌కు చెప్పుకునే దారి అది. ఆ సమాచారం అందకపోతే లాప్‌టాప్ జాగ్రత్త పడుతుంది: ఈ చార్జర్ ఎంత ఇవ్వగలదో తెలియదు, ఎక్కువ లాగితే కాలిపోవచ్చు, కాబట్టి బ్యాటరీ చార్జింగ్ ఆపేద్దాం, ప్రాసెసర్‌ను కిందికి నొక్కేద్దాం అని. డూప్లికేట్ చార్జరే కానక్కర్లేదు. అసలు చార్జర్‌లోనే ఆ సూది వంగినా, వైరు లోపల తెగినా ఇదే జరుగుతుంది. లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు అడాప్టర్ రకం గుర్తించలేకపోయాం అని ఒక హెచ్చరిక వచ్చి వెళ్లిపోతుంటుంది. మనం దాన్ని ఎంటర్ కొట్టి దాటేస్తుంటాం. చాలా లాప్‌టాప్‌ల బయోస్‌లో చార్జర్ ఎన్ని వాట్లదో చూపించే చోటు ఉంటుంది, అక్కడ తెలియదు అని ఉందేమో చూడండి. సీ టైప్ చార్జర్లకూ ఇదే వర్తిస్తుంది: 65 వాట్లు అడిగే లాప్‌టాప్‌కు ఫోన్ చార్జర్ పెడితే నడిచినా నడవవచ్చు, పూర్తి వేగం మాత్రం ఆశించకండి.

ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఈ నొక్కడం ఎక్కువగా జరిగేది బీడీ ప్రోక్‌హాట్ అనే సంకేతం ద్వారా. మొదట్లో ఇది ప్రాసెసర్ "నేను వేడెక్కాను" అని బయటికి చెప్పే తీగ. తర్వాత దాన్ని రెండు వైపులా పనిచేసేలా చేశారు. అంటే మదర్‌బోర్డు మీది ఇతర భాగాలు కూడా అదే తీగను లాగి ప్రాసెసర్‌ను తగ్గించొచ్చు. తీగ లాగింది చార్జర్ కోసమా, వోల్టేజ్ రెగ్యులేటర్ వేడెక్కా, పాడైన సెన్సర్ వల్లా అన్నది ప్రాసెసర్‌కు తెలియదు. లాగారు కాబట్టి తగ్గుతుంది. ఇది లినక్స్‌కు కింద జరిగే సంగతి. అందుకే గవర్నర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు, విండోస్ వేసినా ఉండదు.

బ్యాటరీ కూడా ఇదే పని చేయిస్తుంది. ఉబ్బిపోయిందని బ్యాటరీ తీసేసి నేరుగా చార్జర్ మీద నడిపితే కొన్ని లాప్‌టాప్‌లు వేగం తగ్గించేస్తాయి. పాత మ్యాక్‌బుక్‌లలో ఇలా జరుగుతుందని యాపిలే చెప్పింది. ఒక్కసారిగా పవర్ ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడు చార్జర్‌కు బ్యాటరీ తోడు నిలబడుతుంది. అది లేకపోతే సిస్టమ్ ఆగిపోయే ప్రమాదం ఉందని ముందే తగ్గిస్తారు. అలాగని ఉబ్బిన బ్యాటరీని మళ్లీ పెట్టకండి. కొత్తది వేయించండి.

నిద్ర నుంచి లేచాక, అంటే మూత మూసి తెరిచాక మాత్రమే 400కు పడిపోతుంటే అది చార్జర్ కాకపోవచ్చు. మదర్‌బోర్డు మీది చిన్న కంట్రోలర్ చిక్కుకుపోయి ఉండొచ్చు. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, వీలైతే బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్ ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకోండి. ఖర్చు లేని వైద్యం, చాలాసార్లు పనిచేస్తుంది.

బీడీ ప్రోక్‌హాట్‌ను సాఫ్ట్‌వేర్‌తో ఆపేసే మార్గాలు ఉన్నాయి. థ్రాటిల్డ్ అనే లినక్స్ ప్రోగ్రామ్‌లో దానికి ఒక ఆప్షన్ కూడా ఉంది. ఆ ప్రోగ్రామ్ అసలు పుట్టింది ఎక్స్1 కార్బన్ ఆరో తరం, టీ480 లాంటి థింక్‌ప్యాడ్‌ల కోసం. విండోస్‌లో బాగా పరిగెత్తే ఆ లాప్‌టాప్‌లు లినక్స్‌లో 80 డిగ్రీల దగ్గరే వేగం తగ్గించుకునేవి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇలాంటి ప్రోగ్రాములను కెర్నెల్ సాధారణంగా అడ్డుకుంటుంది. నా అభిప్రాయం అడిగితే, బీడీ ప్రోక్‌హాట్‌ను ఆపడం పరీక్ష కోసం పది నిమిషాలు సరే, శాశ్వతంగా వద్దు. పాడైన సెన్సర్ తప్పుడు కేక పెడుతుంటే పర్వాలేదేమో గానీ, 45 వాట్ల నాసిరకం చార్జర్ నుంచి 65 వాట్లు లాగితే వేడెక్కేది ఆ చార్జరే. అది రాత్రంతా మంచం పక్కన ప్లగ్‌లో ఉంటుంది.

ఏఎండీ లాప్‌టాప్ వాళ్లకు

రైజెన్ లాప్‌టాప్‌లలో పద్ధతి ఇదే, పేర్లు కొన్ని మారతాయి. కొత్త డ్రైవర్ ఏఎండీ-పీస్టేట్ 2022లో కెర్నెల్ 5.17తో వచ్చింది. 2023లో 6.5 నుంచి, ప్రాసెసర్, బయోస్ రెండూ సహకరిస్తే యాక్టివ్ మోడ్‌లో అదే డిఫాల్ట్. సీపీయూపవర్‌లో ఇంకా ఏసీపీఐ-సీపీయూఫ్రెక్ అని కనిపిస్తుంటే మీ కెర్నెల్ పాతదై ఉండాలి, లేదా బయోస్‌లో సీపీపీసీ అనే ఆప్షన్ ఆఫ్ అయి ఉండాలి. ఆ పాత డ్రైవర్ రైజెన్‌కు మూడే మెట్లు చూపిస్తుంది. రైజెన్ 5 5500యూలో పై మెట్టు 2.1 గిగాహెర్ట్జ్ అని చూసి, 4 గిగాహెర్ట్జ్ ఏమైందని కంగారు పడొద్దు. బూస్ట్ ఆ మెట్ల లెక్కలో కనపడదు కానీ పని పెడితే వస్తుంది. టర్బోస్టాట్ రైజెన్ మీద కూడా పనిచేస్తుంది, బిజీ మెగాహెర్ట్జ్‌నే నమ్మండి. చార్జర్ పీకి చూసే పరీక్ష ఇక్కడా అంతే.

2012కు ముందటి ఇంటెల్ లాప్‌టాప్‌లను లినక్స్‌తో బతికించుకుంటున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. వాటిలో ఏసీపీఐ-సీపీయూఫ్రెక్ డ్రైవర్ నడిస్తే, దాని ఫోల్డర్‌లో బయోస్_లిమిట్ అనే ఫైల్ ఉంటుంది. దాని చిరునామా /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ0/సీపీయూఫ్రెక్. అక్కడి అంకె కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, అంటే 800000 ఉంటే 800 మెగాహెర్ట్జ్. అది గరిష్ఠ వేగం కంటే తక్కువ ఉంటే హద్దు పెట్టింది బయోసే. అప్పుడు కూడా ముందు అనుమానించాల్సింది చార్జర్‌నూ బ్యాటరీనే. ఆ హద్దును పట్టించుకోవద్దని చెప్పే ప్రాసెసర్.ఇగ్నోర్_పీపీసీ=1 అనే కెర్నెల్ ఆప్షన్ ఉంది. చార్జర్ సరైనదే అని తేల్చుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

ఇవన్నీ అయ్యాక మిగిలేది బయోస్ అప్‌డేట్. ఇప్పుడు దీనికి విండోస్ వేయాల్సిన పని చాలా లాప్‌టాప్‌లకు లేదు. ఉబుంటులో ఫర్మ్‌వేర్ అప్‌డేటర్ తెరిస్తే, మీ మోడల్‌కు కంపెనీ అప్‌డేట్ పెట్టి ఉంటే అక్కడే కనిపిస్తుంది. బ్యాటరీ కనీసం సగమైనా ఉన్నప్పుడు, చార్జర్ పెట్టి చెయ్యండి. చార్జర్‌ను గుర్తించని లాప్‌టాప్ అప్‌డేట్‌కు కూడా ఒప్పుకోకపోవచ్చు. అలా ఒప్పుకోకపోతే మీరు వెతుకుతున్నది అదే.